నాలుగో మూల

మొన్న శుక్రవారం నర్సరావుపేట బస్సు దిగి, మగాళ్ళ తువ్వాలు భుజాన కప్పుకుని, ఎవురితో మాట్లాడకుండా ఇంట్లో దూరి తలుపేసుకున్నానా? దానికి మీరు ఎన్ని కథలు అల్లారో అన్నీ నా చెవిన పడినయ్యి. సుబ్బులైతే "రమణమ్మత్త ఉద్యోగం ఊడింది, లోపల ఏడుస్తంది" అని కుళాయి కాడ చెప్పిందంట. ఏమే సుబ్బులూ, నేను ఏడవడం నువ్వెప్పుడన్నా చూశావా? మా ఆయన పోయిననాడే నన్ను ఏడిపించలేక చుట్టాలంతా అలిసిపోయారు. ముందు ఆ టీ పొయ్యి. జరిగింది జరిగినట్టు చెప్తా. నవ్వినోళ్ళ గ్లాసు మాత్రం లాగేసుకుంటా.

నా ఉద్యోగం సంగతి తెలిసిందే గదా. మా ఆయన పోయాక ఆయన ఆఫీసులోనే నాకింత జాగా ఇచ్చారు. మొదట్లో నీళ్ళ బిందెలు మోశా. తర్వాత రికార్డు రూములో వేశారు. పాత కాగితాలు సంవత్సరం వరసన పేర్చాలి, గుడ్డలో మూట కట్టాలి, సార్లు అడిగినప్పుడు తీసివ్వాలి. నాకు చదువు అంతంత మాత్రమే గానీ అంకెలొచ్చు. ఆ పనికి అంకెలొస్తే చాలు. కాకపోతే దానికో సర్టిఫికెట్ ఉండాలి. అది ఒకసారి తెచ్చుకుని పెట్టెలో పెట్టుకునేది కాదు. మధ్య మధ్యలో నర్సరావుపేటలో క్లాసు పెడతారు, పోయి కూర్చుని దాని మీద ముద్ర వేయించుకుంటా ఉండాలి. పోలేదా, అది చచ్చినట్టే!

పోయినేడు సరిగ్గా ఆ క్లాసుల వారమే నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు! యాడికి పోతా? కోలుకుని ఆఫీసుకి పోతే మా హెడ్ గుమస్తా శేషయ్య గారు కళ్ళజోడు పైనించి చూశాడు.

"రమణమ్మా, నీ సర్టిఫికెట్ రద్దయింది. ఒంట్లో బాగాలేదని డాక్టరు కాగితం ఉంటే పెట్టు, రాసి పంపుతా."

"అమ్మవారొస్తే డాక్టరు కాడికి ఎవురు పోతారండీ? వేపమండలు వేసుకుని పడుకున్నా."

"వేపమండలు సంతకం పెట్టవు గదమ్మా!"

"మరిప్పుడు ఏంది దారి?"

"మళ్ళీ పరీక్ష. రాసేది కాదులే, చేసి చూపించేది. నెగ్గితే సర్టిఫికెట్ మళ్ళీ బతుకుద్ది. లేదంటే రికార్డు రూము తాళాలు నాకిచ్చి, బిందె తీసుకో."

బిందె అనంగానే నా నడుం కలుక్కుమంది. ఈ వయసులో మళ్ళా ఆ మెట్లెక్కి నీళ్ళు మొయ్యాలా? పైగా తాలూకాలు పోయి మండలాలు వచ్చినయ్యి, కాగితాలన్నీ అటూ ఇటూ మారతన్నయ్యి. ఇప్పుడు ఆ రూములోంచి బయటికొస్తే మళ్ళీ లోపల అడుగు పెట్టనియ్యరు. ఆ రోజు నించీ నాకు అన్నం సయించలా. ఇంట్లో కనపడ్డదల్లా మూట కట్టి చూసుకోవడమే పని. దిళ్ళు కట్టా, చాటలు కట్టా, మినప్పప్పు డబ్బా కట్టా. ఒక దిండు ఇంకా విప్పలా. దాని మీదే పడుకుంటన్నా.

సరే, నర్సరావుపేటలో ఆ పరీక్ష రోజు వచ్చింది. పెద్ద సారు గుంటూరు నించి వస్తాడన్నారు. మర్యాదగా ఉండాలి గదా అని ఉన్నదాంట్లో మంచి నేత చీర, అదే నా కోరా రంగుది, గంజిపెట్టి కట్టుకున్నా. రోజూ పనిలో కొంగు బొడ్లో దోపుకుంటా. ఆ రోజు పెద్దమనిషి ముందు అట్టా ఏం బాగుంటదని భుజాల నిండా కప్పుకున్నా. ఇదిగో, కొంప ముంచింది ఈ మర్యాదే!

అక్కడ కారంపూడి నించి మస్తానని ఒకతను వచ్చాడు. ఆఫీసు అటెండరు. పాపం, ఆయన సర్టిఫికెట్ కూడా చచ్చిపోయిందే.

"అక్కా, నా నాలిక ఎండిపోయింది" అన్నాడు.

"నీకు ఉందని తెలుస్తంది గదా, సంతోషించు. నాది ఉందో లేదో కూడా తెలవట్లా" అన్నా.

పెద్ద సారు వచ్చాడు. మొహాన చీమంత నవ్వు లేదు. ఒక్కొక్కళ్ళ ముందర కాగితాల కుప్ప పోయించి అన్నాడు గదా, "కాగితం చిరిగితే ఫెయిల్. వరస తప్పితే ఫెయిల్. మూట మీద కత్తిగానీ బ్లేడుగానీ పెట్టినా, గవర్నమెంటు గుడ్డ చిరిగినా ఫెయిల్."

ఇన్ని ఫెయిళ్ళు చెప్పాడు గానీ పాస్ అనే మాటే ఆయన నోట రాలా!

కింద కూర్చున్నా. ఒక సంవత్సరం చూస్తే ఇంకో సంవత్సరం మర్చిపోతన్నా. చెమటలు కాగితం మీద పడతయ్యేమోనని మొహం పక్కకి తిప్పి పేరుస్తన్నా. ఎట్టాగో వరస కుదిరింది. ఇక మూట. కొత్త కోరా గుడ్డ ఇచ్చారు. పరిచా, మధ్యలో కాగితాలు పెట్టా, మోకాలు ఆనించి ఒక్కో మూలా లాగా. గాభరాలో కూడా లెక్క చూసుకున్నా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు మూలలూ చేతికొచ్చినయ్యి. బిగించి, వేలు తడి చేసుకుని, నా ముడి నేను వేశా. హమ్మయ్య!

"పైకి లేపి ర్యాకులో పెట్టండమ్మా" అన్నాడు సారు.

లేచా. సగమే లేచా! మెడ వంగిపోయి కిందకి లాగుతంది. ఏందిరా ఇది, కొత్త రోగమా అని చూస్తే... నాలుగు మూలల్లో మూడే గవర్నమెంటువి. నాలుగోది నాది! కొంగు!

అసలు నాలుగో మూల మూట కింద మడత పడి కులాసాగా ఉంది. ఇప్పుడు చెప్తే ఫెయిల్. చెప్పకపోతే మూట ఎట్టా వదిలేది? సరే చూద్దామని దాన్ని చంటిపిల్లలా సంకనేసుకుని, వంగినదాన్ని వంగినట్టే నడిచి, ర్యాకులో పెట్టా. పెట్టి అక్కడే నిలబడ్డా.

"వచ్చి కూర్చోండి" అన్నాడు సారు.

"పర్వాలేదు సార్, ఇక్కడ బాగానే ఉంది."

"అక్కడేం పని?"

"మూట కాడ మనిషుండడం మంచిది సార్."

ఈ లోపల చేతులు వెనక్కి పెట్టి గోళ్ళతో పీకుతన్నా. ఊహూఁ! నా ముడి నాకే లొంగలా. రెండు గోళ్ళు విరిగినయ్యి. సారు కుర్చీలోంచి లేచాడు.

"పక్కకి జరగండమ్మా!"

జరిగా. నాతోపాటు మూట కూడా జరిగింది. ధబీమని ర్యాకులోంచి వచ్చి నా మెడకి వేలాడింది. మస్తాను ముందు నవ్వాడు, ఆ తర్వాత గోడలు నవ్వినయ్యి. సారు మాత్రం నవ్వలా.

"ఏమిటమ్మా ఇది?"

"కొంగు సార్. పొరపాటున ఫైల్ చేశా."

"విప్పండి."

"రావట్లా సార్."

మస్తాను వచ్చి లాగాడు. రాలా. పళ్ళతో పట్టాడు. "అక్కా, ఇది ముడా, వెల్డింగా? నా పన్ను కదిలింది!" అని దూరం పోయాడు. ఆఖరికి సారే చొక్కా చేతులు పైకి మడిచి వచ్చాడు. కాసేపు తిప్పలు పడ్డాడు. ఆయన కళ్ళజోడు జారి మూట మీద పడిందే గానీ ముడి కదల్లా. ఊపిరి పీల్చుకుని, "కత్తెర తెండయ్యా, ఈ గుడ్డ కోసేద్దాం" అన్నాడు.

కత్తెర అనంగానే మూటకి చెయ్యి అడ్డం పెట్టా.

"సార్! గుడ్డ కోస్తే ఫెయిలన్నారు గదా?"

"రూలు అదే మరి."

"ఎవురు కోసినా ఫెయిలేనా?"

"ఎవరు కోసినా."

బిందె కళ్ళ ముందు కనపడింది. మెట్లు కనపడినయ్యి. ఉన్న ఒక్క మంచి చీర. ఇంకేం ఆలోచించలా.

"చీర మీద రూలేం లేదు గదా సార్?"

సారు బుర్ర గోక్కున్నాడు. "లేదు" అన్నాడు.

"అయితే చీర కొయ్యండి."

కత్తెర వచ్చింది. సారు మొహం పక్కకి తిప్పుకుని నిలబడితే నేనే కోశా, కరకరా! మస్తాను తన తువ్వాలు తెచ్చి నా భుజాన కప్పాడు. "తిరిగి ఇయ్యొద్దులే అక్కా, నేను నవ్విన నవ్వుకి అది కూలి అనుకో" అంటాడు, దరిద్రుడు!

సారు మూటని ఎత్తి చూశాడు, తలకిందులు చేశాడు, ఊపాడు. ఒక్క కాగితం జారలా. నా కొంగు గవర్నమెంటు గుడ్డ కన్నా గట్టిగా పట్టుకుంది మరి! ఇక మిగిలింది అడిగిన కాగితం తీసిచ్చే పరీక్ష. ముడి విడిపోని నా మూట దానికి పనికిరాదని మస్తాను కట్టినది నా ముందర పెట్టారు. అది చెయ్యి తగలంగానే దానంతటదే తెరుచుకుంది. అడిగిన నంబరు తీసిచ్చా.

సారు నా సర్టిఫికెట్ మీద ముద్ర కొట్టాడు. అప్పుడు, ఆ రోజు మొత్తానికి అప్పుడు, ఆయన మూతి కొద్దిగా వంకర పోయింది.

"మూట మాత్రం మా దగ్గరే ఉంటుందమ్మా. అవి ఎప్పటికీ పారెయ్యకూడని కాగితాలు" అన్నాడు.

వస్తా వస్తా చూశా. పై ర్యాకులో పెట్టి, 'శాశ్వతంగా భద్రపరచవలెను' అని చీటీ కట్టారు. చీటీని కూడా నా కొంగుకే కట్టారే! బస్సెక్కాక సర్టిఫికెట్ తీసి చూసుకుంటే, నాకిచ్చింది మూడేళ్ళకే. ఇన్నేళ్ళు ఆఫీసులో పడి చాకిరీ చేసింది నేను, పర్మనెంటు అయిందేమో నా చీర ముక్క!