మూయ్ అవ్వ వడ్డించే ముక్క

తాయ్-ఓ అనే జాలర్ల ఊళ్లో, కాలువ పక్కన ఫూన్ కమ్‌మూయ్ అనే ముసలావిడ నడిపే ఉప్పుచేపల దుకాణానికి జనం రెండు పనుల మీద వస్తారు. చేపలు కొనడానికి, గోడు వెళ్లబోసుకోవడానికి. గోడు చెప్పుకునేవాళ్లని మూయ్ అవ్వ ఓదార్చదు. వేడన్నం మీద ఆవిరికి ఉడికిన ఉప్పుచేప ముక్క పెట్టి, టీ కూజా తనవైపు లాక్కుంటుంది. ఉప్పుచేప తిన్నవాడే దాహమూ ఓర్చుకోవాలని ఊరందరికీ తెలిసిన సామెతే అది. అవ్వ దాన్ని పలకదు, వడ్డిస్తుంది.

మొన్న చలికాలంలో జాలరి కెంగ్ తన పడవకి కొత్తగా పెట్టించిన ఇంజన్ని తిడుతూ వచ్చాడు. ముక్క వచ్చింది.

"అవ్వా, గొంతు పిడచకట్టుకుపోతోంది. కాస్త టీ పొయ్యవే."

"ఇంజను ఎవరు కావాలన్నారు?"

"నేనే."

"మరి దాని గోల ఎవరు పడాలి?"

కెంగ్ నవ్వేసి పొడిగొంతుతోనే లేచాడు.

వసంతం రాగానే అదే కెంగ్ వలలో మాగ చేపలు విరగబడ్డాయి.

"పచ్చివే అమ్మేద్దాం అత్తయ్యా. దక్షిణపు గాలి మొదలైంది, ఎండవు," అంది కోడలు వైలాన్.

"ఎండేలా నేను చూసుకుంటాగా!" అని అవ్వ మొత్తం తీసుకుంది. అవి కుళ్లాయంటే ఈ ఏడు దుకాణానికి సరుకు లేనట్టే.

గాలి తడితో బరువెక్కింది. గోడలు చెమర్చాయి. చేపల్ని బయటికీ లోపలికీ మోయడం, గుడ్డతో అద్దడం, ఈగలు వాలకుండా వాటి తలలకి చుట్టిన కాగితాలు మార్చడం. చివరికి అవ్వ కూలబడింది.

"నా నడుం విరిగింది. ఆ కెంగ్‌గాడు తెచ్చి నా నెత్తిన పోశాడు. నువ్వయినా గట్టిగా ఆపలేదేమే?"

వైలాన్ గిన్నెడు అన్నం, దానిమీద ముక్క తెచ్చి అత్త ముందు పెట్టింది. టీ కూజా తీసి చంకన పెట్టుకుంది. దుకాణంలో బేరమాడుతున్న ఆడవాళ్లు బేరం ఆపి ఇటు తిరిగారు.

"నాకేనా?"

"మీకే."

అవ్వ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత చిన్నదా? నా మొండితనానికి ఇదేం చాలుతుందే?"

మెతుకు మిగల్చకుండా తినేసింది. కూజా వైపు చూడనైనా లేదు. "ఫ్యాను ఇటు తిప్పు," అంటూ చేపల మధ్యకి నడిచింది.

కొన్ని పాడయ్యాయి. పిల్లులకి పండగయింది. మిగతావి గాలి పొడిబారేదాకా ఓర్చుకుని, మీగడ రంగు తిరిగి, వీధంతా వాసన కొట్టాయి.

ఓ పొద్దున కాలువలోంచి కెంగ్ కేకేశాడు. "అవ్వా, మళ్లీ మాగే! పట్నం పంపించెయ్యనా?"

అవ్వ ఆకాశం వంక చూసి పెదాలు తడుపుకుంది.

"ఇటే తీసుకురా! వైలాన్, ఎందుకైనా మంచిది, నా వాటా ముక్కా అన్నమూ కూడా వండి ఉంచు."