నీడ మర్లే ఆదివారం

మా ప్యాకింగ్ సెక్షన్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అందుకే మా పాత ఇంటి ఓనరమ్మ పోయిందన్న సంగతి నాకు టీ బ్రేక్‌లో, లాకర్ తెరిచాక తెలిసింది. ఆమె ఇంట్లో కిరాయికుండే బిహారీ వెల్డరు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "భయ్యా, అమ్మ చలీ గయీ. చాయ్ పీకే బైఠీ థీ, బస్." ఆ గురువారం పొద్దున చాయ్ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందట. మిగిలిన షిఫ్టంతా మాత్రల డబ్బాల మీద లేబుళ్లు సరిచూస్తూ నిలబడ్డాను గానీ, ఒక్క అక్షరమూ కంటికి ఆనలేదు.

ముత్తంగి దగ్గర ఆమెకు నాలుగు కిరాయి గదులుండేవి. అందరూ ఓనరమ్మ అనేవారు, నేను అవ్వా అనేవాణ్ని. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాల్లో నాట్లేసి, కలుపు తీసిన మనిషి. ఆ పొలాల్లో గోదాములు లేచాక ఒక కంపెనీ క్యాంటీన్‌లో బియ్యం ఏరింది. నోరు పెద్దది. నల్లా కట్టేయడం మరిచిపోతే వీధంతా వినపడేలా తిట్టేది. పది నిమిషాలకు ఉడకబెట్టిన అనపకాయలు గిన్నెడు తెచ్చి నా గుమ్మంలో పెట్టేది.

నేను ఆ గదిలో దిగిన మొదటి చలికాలం నాకు ఆరు నుంచి ఆరు డ్యూటీ. కంపెనీ బస్సెక్కేటప్పుడు చీకటి, దిగేటప్పుడు చీకటి. మధ్యలో పన్నెండు గంటలు కిటికీలు లేని హాలు. వారానికి ఒక్క ఆదివారమే పగలు దొరికేది. దాన్ని నేనేం చేశానంటే, కంపెనీ నుంచి తెచ్చిన అట్టపెట్టెలు చింపి కిటికీకి టేపు వేసి అంటించాను, నిద్ర బాగా పడుతుందని. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లం చాలామందిమి చేసే తెలివైన పనే అది.

దీపావళి దాటేసరికి నిద్ర తప్ప ఇంకేదీ వద్దనిపించింది. వంట మానేశాను, స్నానం మానేశాను. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ని కాదు. బద్ధకమనుకున్నాను. తర్వాత బతకడమే దండగ అనిపించడం మొదలైంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వరసగా మూడు రోజులు డ్యూటీకి పోలేదు.

నాలుగో రోజు పొద్దెక్కాక తలుపు మీద గుద్దులు.

"ఓ పిలగా! తల్పు తీస్తవా, పలగ్గొట్టమంటవా?"

తీశాను. ఆమె నా మొహమైనా చూడకుండా కిటికీ దగ్గరికి పోయి అట్టలు ఒక్కొక్కటే పీకేసింది.

"ఇదేంది, ఇల్లా, బొందనా? పొద్దు లోపల్కి రాకుంటే మనిషెట్ల లేస్తడు?"

"పాణం బాగలేదవ్వా."

"ఏడ బాగలేదు?"

ఎక్కడని చెప్పను? ఏడుపొచ్చింది. ఆమె మంచం అంచున కూర్చుంది. "సావాలనిపిస్తుందా?" అని అడిగింది, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా. తలూపాను.

"జెర మొఖం కడుక్కో. సంగారెడ్డి పోదాం."

పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. తెలిసినవాళ్లెవరైనా చూస్తారని మాస్కు పైకి లాక్కున్నాను. "షుగరుకు వచ్చినోళ్లు మొఖం దాసుకుంటుండ్రా? నీకేందిరా పరేషాన్?" అని ఆమె బెంచీ అందరికీ వినపడేలా అంది. లోపలికి పోగానే డాక్టరమ్మ నన్ను కాదు, ఆమెను పలకరించింది. "ఏం పెద్దమ్మా, ఈసారి గోలీలు ఆపలేదు కదా?"

నేను మాస్కు కిందికి లాగాను.

బయటికొచ్చాక చాయ్ బండి దగ్గర ఆమే చెప్పింది. "నాకు దివిలె పండుగ పోంగనే వస్తది కొడుకా. ఎవ్వలు సావలే, ఏం పోలే. ఊకెనే బాయిల వడ్డట్టయితది. శానేండ్ల సంది గిట్లనే. గోలీలేస్కుంట, ఎండల కూసుంట. మిమ్ముల తిడ్తుంటే ఇంకింత తక్కువైతది."

ఎండలో కూర్చోమని డాక్టరమ్మ ఆమెకు చెప్పిన ఏడాదే ఇంటికి దక్షిణాన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచిందట. చలికాలం వస్తే దాని నీడ వచ్చి ఆమె మిద్దె మీద పడేది. "పొద్దును గూడ ప్లాట్లు చేసి అమ్ముకున్నరు" అనేది. అమ్ముకున్న పొద్దు మీద ఆమె నిఘా పెట్టింది. దీపావళి పోయాక ప్రతి ఆదివారం, పక్క ఫ్యాక్టరీలో పన్నెండింటి సైరన్ మోగగానే, నీడ ఎంతవరకు వచ్చిందో అక్కడ మిద్దె మీద సుద్దముక్కతో గీత గీసేది. వారానికో గీత. ఆ చలికాలం నుంచి నన్నూ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకునేది. నీడ ముందుకు జరిగేకొద్దీ మా కుర్చీలు రెండూ వెనక్కి, మిగిలిన ఎండలోకి జరిగేవి. పోనుపోను గీతల మధ్య ఎడం తగ్గేది. జానెడు, బెత్తెడు, చివరికి వేలెడు. ఒక ఆదివారం నీడ పాత గీత దగ్గరే ఆగిపోయేది, ఇక అక్కణ్నుంచి వెనక్కి మళ్లడమే.

"ఇగ మర్లింది పో" అనేది అవ్వ అప్పుడు, సుద్దముక్క కొంగున ముడేసుకుంటూ. "శివరాత్రికి సలి శివశివ అనుకుంట పోతదంటరు. మనకు గంతదాక ఆగుడెందుకు, ఇయ్యాల్నే మర్లింది."

చదివేవారికి ఇది ముసలామె చాదస్తంలా అనిపించొచ్చు. నిజమే, గీతలు నన్ను బాగుచేయలేదు. గోలీలు, డాక్టరమ్మ మాటలు బాగుచేశాయి, అదీ నెలలు పట్టింది. కానీ వచ్చే ఆదివారం దాకా ఉండాలని అనిపించడానికి ఆ రోజుల్లో నాకున్న కారణం ఆ గీత ఒక్కటే. అది మరిచిపోతే నాకు పుట్టగతులుండవు.

పెళ్లయ్యాక పటేల్‌గూడకు మారాను. చలికాలం ఆదివారాలు మాత్రం తప్పకుండా ముత్తంగి పోయేవాణ్ని. ఈ ఏడాది పాప పుట్టింది. దీపావళి తర్వాత ఒక్కసారే వెళ్లాను. ఫోన్ చేస్తే, "నువ్వు మంచిగున్నవు గద, గది సాలు" అంది. గోలీలు వేసుకుంటున్నావా అవ్వా అని నేను అడగలేదు. నన్ను అడగాల్సిన మాట ఆమె అడిగింది, ఆమెను అడగాల్సిన మాట నేను అడగలేదు. ఇప్పుడు ఎంత అనుకున్నా ఏం లాభం.

ఆమె దినాలు ఆదివారమే వచ్చాయి. కింద భోజనాలు పెడుతుంటే నేను మిద్దెక్కాను. గీతలన్నీ ఉన్నాయి, ఆమె పోవడానికి ముందటి ఆదివారం దాకా, ఒక్కటీ తప్పకుండా. ఆఖరి గీతకు అవతల, ఎండలో, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. జనం కోసం కుర్చీలన్నీ కిందికి దింపారు గానీ వెల్డరు ఆ రెంటినీ ముట్టనివ్వలేదట. "అమ్మ ప్రతి ఆదివారం రెండూ వేసేది భయ్యా. రెండోదాంట్లో నన్ను కూడా కూర్చోనిచ్చేది కాదు, నీదని" అన్నాడు, తనకొచ్చిన తెలుగులో.

అతను దిగిపోయాక నా కుర్చీలో కూర్చున్నాను. సైరన్ మోగింది. వంగి చూశాను. నీడ ఆమె ఆఖరి గీత దగ్గరే ఆగి ఉంది. దాటలేదు.

పక్క కుర్చీ వైపు చూసి, "ఇగ మర్లింది పో అవ్వా" అన్నాను.