సోమయ్య గారి కోసం ఆగిరిపల్లి మామిడితోటకు

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం, రాజమండ్రిలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే నాగేశ్వరరావు నుంచి ఫోన్ వచ్చింది. "సరళ గారూ, సోమయ్య గారు పోయారండీ. నిన్న పొద్దున. తోటలో పనిచేస్తూ, కాసేపు మంచినీళ్లు తాగుదామని కూర్చుని, అలాగే ఒరిగిపోయారు. మీకు చెప్పాలనిపించింది." నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చోలేకపోయాను. సర్దిన పుస్తకాలనే మళ్లీ తీసి సర్దాను. ఆ వారమంతా ఇంట్లో కూడా అంతే. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచిపోయేదాన్ని.

సోమయ్య గారు బుర్రకథ చెప్పేవారు. పగలు ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడితోటల్లో కోతకు వెళ్లేవారు, పొద్దువాలాక కాళ్లకు గజ్జెలు కట్టుకుని తంబురా భుజాన వేసుకునేవారు. కథకుడికి అటూ ఇటూ నిలబడి, గుమ్మెట వాయిస్తూ, తందాన పలుకుతూ, "ఆఁ, తర్వాత?" అంటూ కథను ముందుకు నడిపించేవాళ్లను వంతలంటారు. ఆయనకు ఒక వంత నాగేశ్వరరావు. రెండేళ్లపాటు రెండో వంతను నేను. ఊళ్లలో చదువు గురించి ప్రచారం చేయడానికి కథలు చెప్పిస్తున్న రోజులవి. డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నన్ను, నూజివీడులో తెలుగు పండితుడిగా పనిచేసే మా నాన్నగారే తీసుకెళ్లి ఆ జట్టులో చేర్చారు. ఒకరోజు నేను చెప్పకుండా మానేశాను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా సోమయ్య గారికి ఎదురుపడలేదు. అందుకే, మే నెలలో ఒక ఆదివారం స్నేహితులంతా తోటలోనే కలిసి ఆయన్ని తలుచుకుంటున్నారని నాగేశ్వరరావు మళ్లీ ఫోన్ చేసినప్పుడు, వస్తానని వెంటనే అనేశాను. ఆ తర్వాత ఎందుకన్నానా అని మూడు రోజులు తల కొట్టుకున్నాను.

రాజమండ్రి నుంచి నూజివీడు వైపు వెళ్లేవారికి సులువైన దారి హనుమాన్ జంక్షన్ మీదుగానే. ఉదయం ఐదుంబావుకు విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు, మగవాళ్లకు రెండు వందల లోపే అవుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎండ వస్తోందని ఇవతలికి మారాను, ఇవతల గాలి లేదని మళ్లీ అటు వెళ్లాను. ఏలూరు దాటాక కండక్టర్ నా పక్కన ఆగి, "ఏంటమ్మా, ఎక్కిన కాడి నుంచీ సీట్లు మారుతున్నారు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ ప్రశ్న నన్ను ఎక్కడ తాకిందో అతనికి తెలియదు.

జంక్షన్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. బాపులపాడు వైపు పొలాలకు వెళ్లే మనుషులతో టీ బడ్డీ నిండిపోయి ఉంది. నూజివీడు బస్సులు ఇక్కడ తరచుగానే దొరుకుతాయి, ముప్పావుగంట ప్రయాణం. మే నెలలో ఎదురుగా ట్రేలు పేర్చుకున్న మామిడి లారీలు వస్తుంటాయి కాబట్టి కాస్త ఎక్కువే పట్టవచ్చు. నూజివీడు బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు, కాఫీ తీసుకున్నాను, యాభై రూపాయలైంది. మేము అద్దెకున్న వీధి అక్కడికి పది నిమిషాల నడక. వెళ్లి చూద్దామని సందు మొదలు దాకా నడిచాను. లోపలికి వెళ్లలేక వెనక్కి వచ్చేశాను.

ఆ ఇంట్లోనే జరిగింది అది. ఆ సాయంత్రం ఉంగుటూరులో కథ ఉంది, సోమయ్య గారు ఆటోలో వచ్చి నన్ను ఎక్కించుకోవాలి. అదే మధ్యాహ్నం, ముందు రోజు కబురు పెట్టి, పెళ్లివారు నన్ను చూసుకోవడానికి వచ్చారు. పట్టుచీర కట్టుకుని లోపలి గదిలో కూర్చున్నాను. వీధిలో ఆటో ఆగింది. సోమయ్య గారు గుమ్మం దగ్గర నిలబడి నాన్నగారిని అడగడం వినిపించింది. కూలి పనిచేసే మనిషితో కలిసి వేదికలెక్కుతున్నానని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఇంట్లో అందరికీ భయం. "అమ్మాయికి ఒంట్లో బాగోలేదు సోమయ్యా" అన్నారు నాన్నగారు. నేను వీధివైపు కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సంబంధం కుదిరింది, నెల తిరక్కుండానే రాజమండ్రి వచ్చేశాను. మా వారు మంచివారు. ఈ విషయం చాలా ఏళ్ల తర్వాత చెబితే, "వెళ్లి ఆయన్ని ఒకసారి కలిసి రావచ్చు కదా" అన్నారు కూడా. ఎన్నోసార్లు ఆ హైవే మీద విజయవాడ వెళ్లాను. జంక్షన్‌లో ఎప్పుడూ దిగలేదు.

నూజివీడు నుంచి ఆగిరిపల్లికి బస్సులో అరగంట పైన పట్టింది. అక్కడి నుంచి తోట నాలుగు కిలోమీటర్లు, ఆటోకు నూట ఇరవై అడిగి, వందకు ఒప్పుకున్నాడు. "సోమయ్య గారి కార్యక్రమానికేనా అండీ?" అన్నాడు డ్రైవర్. ఔనన్నాను. "మా పెళ్లిలో ఆయనే కథ చెప్పాడండీ. కథలో రాణిగారు యుద్ధానికి పోతా పోతా గుర్రం ఆపి, మా నాన్నని పట్టుకుని 'ఏమయ్యా సుబ్బయ్యా, నీ గేదె ఈనిందా?' అని అడిగింది. జనం ఒకటే నవ్వడం." చెబుతూ అతనూ నవ్వాడు. కాస్త దూరం పోయాక, "మీరు ఆయనకి ఏమవుతారండీ?" అన్నాడు. తెలిసినవాళ్లమని చెప్పి రోడ్డు వైపు చూశాను. దిగేటప్పుడు వంద ఇస్తే ఎనభై చాలన్నాడు.

తోటలో కోత సాగుతోంది. చివర వల సంచుల్లాంటి చిక్కాలు కట్టిన పొడవాటి గెడలతో పైకాయలు దించుతున్నారు, కింద ఆడవాళ్లు చిన్న రసాలు ఒక వైపు, బంగినపల్లి ఒక వైపు ఏరుతున్నారు. తోట గుత్తకు తీసుకున్నాయన ఆ రోజు మధ్యాహ్నం వరకే పని పెట్టుకున్నాడట. నాగేశ్వరరావు ఎదురొచ్చాడు. ఆగిరిపల్లిలో బైకులు బాగుచేసే షాపు నడుపుతున్నాడు, జుట్టంతా తెల్లబడింది. "వస్తారనుకోలేదండీ" అన్నాడు. ఆ రోజు సంగతి నేనే ఎత్తాను. ఆయన ఏమన్నారని అడిగాను. "ఏమంటారండీ, నవ్వేశారు. ఆ సాయంత్రం మంగమ్మక్కని స్టేజీ ఎక్కించేశారు, అంతే" అని మాట తప్పించాడు. పందిరి పక్కన పొయ్యి మీద మామిడికాయ పప్పు ఉడుకుతోంది. కుదురుగా నిలబడలేక వంటామె దగ్గరికి వెళ్లి ఉల్లిపాయలు తరగనా అని అడిగాను. "ఆ చీర కట్టుకునా? కూర్చోండమ్మా, చుట్టాలు" అంది. చుట్టాన్ని అనిపించుకోవడం కష్టంగా ఉంది. కత్తిపీట లాక్కుని కూర్చున్నాను.

మంగమ్మ గారు సోమయ్య గారి భార్య. నేను జట్టులో ఉన్న రోజుల్లో ఆవిడ వేదిక మొహం చూసేవారు కాదు. కోత పనికి వెళ్లడం, మాకు అన్నాలు కట్టివ్వడం, అంతే. నా వెనక నిలబడి, నేను తరుగుతున్న ఉల్లిపాయల్ని కాసేపు చూసి, "సన్నగా తరుగు సరళమ్మా" అన్నారు. లేచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడే అన్నారు. "మా ఆయన నవ్వాడని నాగేశ్వరరావు చెప్పుంటాడు. నవ్వలా. నువ్వు కిటికీలో కనపడ్డావంట. పట్టుచీర కట్టుకుని బాగానే ఉన్నావంట. అయినా మర్నాడు పొద్దున్నే, నిజంగానే బాగోలేదేమోనని అర డజను బత్తాయిలు కొన్నాడు. మీ ఇంటికి తేవడానికి మొహమాటపడి రెండు రోజులు గూట్లో పెట్టాడు. ఆఖరికి మా పిల్లలు తినేశారు." ఇంతలో పందిట్లోంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయారు. నేను ఆ కత్తిపీట ముందే ఉండిపోయాను. ఇరవై ఆరేళ్లూ ఆయన నా మీద కోపంగా ఉన్నారనుకుని భయపడ్డాను. బత్తాయిలు కొని ఉంటారని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

భోజనాలయ్యాక రెండున్నరకు అందరూ చెట్ల నీడలో కూర్చున్నారు. నలభై మంది దాకా ఉంటారు, సగం మంది పొద్దుట కోత కోసినవాళ్లే. మైకు లేదు, దండల గొడవా లేదు. ఒక్కొక్కరే లేచి చెప్పారు. సోమయ్య గారు చెట్టు మీద కొమ్మల మధ్య కూర్చుని పాడుతుంటే కింద ఏరేవాళ్లు అలుపు మరిచి పనిచేసేవాళ్లని ఒకామె అంది. తన కూతురు బడి మానేస్తే కథలో ఆ పిల్ల పేరు పెట్టి కలెక్టర్ని చేశాడని, సిగ్గుపడి మర్నాడే మళ్లీ పంపానని ఒకాయన చెప్పాడు. నేను మాత్రం గడియారం చూసుకుంటున్నాను. నాలుగింటికి నూజివీడు బస్సు ఉంది. ఇప్పుడు లేస్తే అందుతుంది అనుకుంటుండగా మంగమ్మ గారు నా వైపు చెయ్యి చాపి, "ఈ అమ్మాయి మా ఆయన దగ్గర వంత. నా కంటే ముందు" అన్నారు. అందరూ తిరిగి చూశారు.

లేచాను. ఆయన గొంతు గురించీ కళ గురించీ రెండు మంచి మాటలు బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. అవి నోట్లోంచి రాలేదు. "ఒకరోజు సోమయ్య గారు మా ఇంటికొచ్చారు" అన్నాను. ఆగిపోయాను. మంగమ్మ గారు కూర్చున్న చోటు నుంచే, వంత పలికినట్టు, "ఆఁ, తర్వాత?" అన్నారు.

"నాకు ఒంట్లో బాగోలేదని మా నాన్నగారు చెప్పారు."

"ఔను, తర్వాత?"

"నాకు ఒంట్లో బాగానే ఉంది. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. కూలి మనిషి పక్కన గుమ్మెట వాయిస్తానని తెలిస్తే పెళ్లి తప్పిపోతుందని నోరు మూసుకున్నాను."

పొద్దుట నాకు కాయలు చూపించి పేర్లు చెప్పిన ఒకామె తల దించుకుంది. "ఆఁ, తర్వాత?" అన్నారు మంగమ్మ గారు మళ్లీ. ఈసారి గొంతు కొంచెం గట్టిగా ఉంది. "తర్వాత ఏమీ లేదండీ. నేను మళ్లీ రాలేదు" అన్నాను.

"తర్వాతది నేను చెప్తా" అంటూ ఆవిడ లేచారు. ఆ సాయంత్రం కోత నుంచి నేరుగా తీసుకెళ్లి ఆయన తనని ఉంగుటూరు వేదిక ఎక్కించాడని, చేతుల నిండా మామిడి సొన, గుమ్మెట పట్టుకుంటే జారిపోయేదని, తందాన అనాల్సిన చోట భయంతో "దండాలు బాబూ" అనేశానని చెప్పారు. జనం పగలబడి నవ్వారు. "ఈ పిల్ల వచ్చుంటే నేను జన్మలో స్టేజీ ఎక్కేదాన్ని కాదు. అట్లాగని ఈ పిల్ల చేసింది మంచిపని కాదు. రెండూ నిజమే." అలా అని నాగేశ్వరరావుకు సైగ చేశారు. అతను గుమ్మెటలు తెచ్చాడు, ఆవిడ తంబురా అందుకున్నారు. ఒక గుమ్మెట నా చేతిలో పెట్టారు. సోమయ్య గారు ఎప్పుడూ మొదట పాడే వినాయకుడి ప్రార్థన ఒక్కటే పాడాం. రెండుసార్లు తాళం తప్పాను. రెండుసార్లూ నాగేశ్వరరావు నా కోసం ఆగి అందుకున్నాడు.

నాలుగింటి బస్సు పోయింది. ఐదున్నర బస్సుకు నాగేశ్వరరావు బైకు మీద దింపుతానన్నాడు. బయలుదేరేటప్పుడు మంగమ్మ గారు రసాల సంచీ ఇస్తూ, "క్షమించమని అడగడానికి వచ్చావా?" అన్నారు. ఔనన్నాను. "ఆయన్ని అడగాల్సిన మాట నేనెట్టా తీసుకునేది? అది నీ దగ్గరే ఉండనీ" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు. మళ్లీ ఆవిడే, "నేను కథ చెప్తా, నాగేశ్వరరావు ఒక వంత. మూడో మనిషి కావాలి. జూన్ రెండో ఆదివారం మొదలెడదాం. వస్తావా?" అని అడిగారు. ఉద్యోగం, దూరం, నా గొంతు, అన్నీ నోటి దాకా వచ్చాయి. "వస్తానండీ" అన్నాను. "వస్తే రా. రాకపోతే రానని ఫోన్ చెయ్. గుమ్మం దాకా రానిచ్చి లోపల కూర్చోమాకు."

ఇది రాసేనాటికి ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఇప్పటికీ కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కాకపోతే ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి, గిన్నె బోర్లించి దాని మీద తాళం సాధన చేస్తున్నాను. వేళ్ల చివర్లు నొప్పి పుడుతున్నాయి. జూన్ రెండో ఆదివారానికి బస్సు వేళలు చూసుకున్నాను, మా వారికీ చెప్పాను. మీరూ అటు వెళ్లాలనుకుంటే ఒక్క సలహా: మే నెలాఖరులోపే, ఉదయం తొమ్మిదింటికల్లా తోటకు చేరేలా బయలుదేరండి. జూన్ నడిచేకొద్దీ కోతలు అయిపోతాయి, మనుషులు ఉంగుటూరు వైపు నాట్లకు సర్దుకుంటారు. చెట్లు అక్కడే ఉంటాయి కానీ మీకు సోమయ్య గారి కథ చెప్పేవాళ్లు తోటలో ఎవరూ ఉండరు.