ఇసకకు పోసిన మంచినీళ్ళు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి రండి. మధ్యలో లేచారంటే నాకు మాట తెగిపోతుంది.

ఈ దీవుల్లో, మిన్నీ బే సముద్రపొడ్డున మా గుమ్మం దిగితే ఇసకే. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలు పట్టుకుని వచ్చినవాళ్ళం, కాళ్ళకింద ఇసకలో మంచీ చెడూ ఉంటుందని మాకేం తెలుసు? మా ఇంటాయన వేట మధ్యలో తాపీ పని కూడా నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో దీవుల్లో ఎటు చూసినా సర్కారు కట్టడాలే లేస్తున్నాయి. ఎవరు తక్కువకు కడతామని రాసిస్తే పని వాళ్ళది. రెండు గదుల బడికి టెండరు పిలిచారని అబర్డీన్ బజార్లో విని, పడవ అమ్మి ధరావతు కట్టేశాడు. ఇసక గుమ్మంలోనే ఉంది కదా అని దానికి ఖర్చే వేసుకోలేదు. అందుకే అందరికంటే తక్కువ రాశాడు, పని మాకే వచ్చింది.

మొదటిరోజు ఓవర్సీరు వచ్చి, మేం పోసిన కుప్పలోంచి చిటికెడు ఇసక నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"నమక్ హై. నై చలేగా."

ఉప్పిసక పనికిరాదన్నాడు. ఉప్పు ఉంటే కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుందట. మంచినీళ్ళతో కడిగితేనే ఒప్పుకుంటాడట. వానలు పట్టేలోగా పునాది లేవకపోతే పని రద్దు, ధరావతు పోయినట్టే, ఇంకే టెండరులోనూ మా పేరు తీసుకోరు.

అది మండు వేసవి. కుళాయి ఇలా వచ్చి అలా పోయేది. వంటకు పట్టిన బిందెలు మోసుకెళ్ళి ఇసక మీద పోస్తే, చుక్క మిగలకుండా పీల్చేసేది. రుచి చూస్తే మళ్ళీ ఉప్పే. దాహమని ఏడ్చే పిల్లలకు గంజి వార్చి తాగించేదాన్ని. కుళాయి దగ్గర పక్కింటావిడ, "మీ ఇసక్కి ఇంకా దాహం తీరలేదా దీదీ?" అని నవ్వింది. మర్నాడు తనే అర బిందె తెచ్చి కుప్ప మీద పోసి వెళ్ళిపోయింది.

మా ఇంటాయనకు అన్నం దిగడం మానేసింది. కుప్ప పక్కనే కూర్చుని ఒకనాడు, "పడవుంటే యేటకెల్లీవోణ్ణి. ఇప్పుడు దేనికీ పనికిరాకుండా పోనాను," అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. సంతోషపడబోయి ఆగిపోయాను. వాన పడితే ఇసక కడుగుతుంది, నిజమే. కానీ సర్కారు ఆఫీసు ఇచ్చిన సిమెంటు బస్తాలు ఆకుల పాకలో ఉన్నాయి. అవి తడిస్తే మళ్ళీ సిమెంటు ఓడ వచ్చేదెప్పుడు? ఏ వాన కోసం దణ్ణాలు పెట్టామో, ఆ వానే మమ్మల్ని ముంచబోతోంది.

"మావా, మనింటి రేకులు ఇప్పీ," అన్నాను.

"పిల్లలు తడిసిపోతారే."

"పిల్లలు తడిస్తే ఆరతారు. సిమెంటు తడిస్తే రాయైపోద్ది."

గబగబా కప్పు పైకెక్కాడు. ఒక్కొక్క రేకూ అందిస్తుంటే కింద అందుకునే నా అరచేయి తెగింది. బస్తాల మీద కప్పి రాళ్ళు పెట్టేసరికి వాన దబదబా దిగింది. పక్కింటావిడ పిల్లల్ని లాక్కుపోయింది. ఆయన ఆ వానలోనే నిలబడి పార పెట్టి ఇసకను తిరగేస్తూ ఉన్నాడు. మా పరుపులు, బియ్యం నీళ్ళలో నానుతుంటే నేను బస్తాల మీది రేకులు ఎగిరిపోకుండా పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఓవర్సీరు మళ్ళీ ఇసక నోట్లో వేసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు. "ఠీక్ హై, షురూ కరో," అని పని మొదలెట్టమన్నాడు.

కింది వరస బస్తాలు నేల చెమ్మకు గట్టిపడ్డాయి. వాటి ఖరీదు మా బిల్లులో కోసేశారు. మిగతావాటి మీంచి రేకులు తీయడానికి లేదు, వానలు పట్టేశాయి. బడి లేచేదాకా మేం ఆకులు కప్పుకుని బతికాం. చివరికి చేతికి మిగిలింది పేరొక్కటే. ఆ పేరు చూసి ఎక్కడో ఉత్తరాన డిగ్లీపూర్లో ఇంకో పని ఇచ్చారు. ఆయన ఓడెక్కాడు. తిరిగి కప్పినా పాత మేకుల చిల్లుల్లోంచి కారే రేకుల కింద పిల్లల్ని దగ్గరికి లాక్కుని నేను ఉండిపోయాను.

మీ బిందెలు ఎప్పుడూ నిండుగా ఉండాలి తల్లీ. ఎంత వాన పడినా మీ పిల్లలు పొడిగా పడుకోవాలి.