చివరి పేజీలో నా దుకాణం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో లింగంపల్లిలోని నా కిరాయి గది నుంచి పాత ఇత్తడి సామాను ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాణ్ణి. డెలివరీ ఉచితమని పెడితేనే సరుకు ముందు పేజీలో చూపిస్తామని వేలం సైటు వాళ్లు చెప్పారు. నమ్మి, బరువైన బొగ్గుల ఇస్త్రీపెట్టెకు అలాగే పెట్టాను. గువాహటి నుంచి ఒక్కడే పాడాడు. వచ్చిన ధరంతా కొరియర్‌కే పోయింది. బంద్ వల్ల కొరియర్ దుకాణం మూసేయడంతో పెట్టె ఆలస్యంగా చేరింది. అతను ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, "ఉచితమే గానీ ఆలస్యం" అని రాశాడు. ఆ మాట నేటికీ మరిచిపోలేదు.

హైటెక్ సిటీలోని సైటు ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది.

"కొరియర్ ఖర్చు ధరలో కలిపేసుకోండి సర్."

"వేలంల ధర నేను పెడతనా అమ్మా? పాడేటోళ్లు పెడతరు."

"అయితే మొదటి ధరే పెంచండి."

"పెంచితే పాడేదెవరు? మీరొస్తరా?"

"మా రూల్ అంతేనండి."

ఆ పూటే నా సరుకులన్నిటి మీదా ‘కొరియర్ ఖర్చు కొనేవాళ్లదే’ అని రాశాను. నన్ను చివరి పేజీకి తోశారు. తోస్తే తోశారు. వెతుక్కుంటూ అక్కడిదాకా వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఒక్కరూ ఉచితంగా పంపమని అడగలేదు.