అవ్వ కట్టుడుపళ్ళ ఫిర్యాదు

మా ఆయన నరసరావుపేటలో కట్టుడుపళ్ళు చేసేవారు. చదువుకున్న డాక్టరు కాదు, మద్రాసులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి నేర్చుకొచ్చారు. ఎర్ర రబ్బరు చిగుళ్ళు ఆవిరిలో ఉడికే రోజు ఇల్లంతా గంధకం కంపు. ఆ రోజు నేను పెరట్లో పొయ్యి పెట్టుకుని, తిట్టుకుంటూ వండేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక చట్టం వచ్చింది. పళ్ళు కట్టేవాళ్ళంతా రిజిస్టరు కావాలట. డిగ్రీ లేనివాళ్ళు అంతకుముందే అయిదేళ్ళుగా ఆ వృత్తి మీదే బతుకుతున్నట్టు రుజువు చూపాలి, లేకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. ఆయనకు అన్నం సయించలేదు. ఊళ్ళో ఇన్ని నోళ్ళున్నాయి, అవే సాక్ష్యం చెబుతాయని నేనే ధైర్యం చెప్పాను.

విచారణకు అధికారి వచ్చిన రోజున ఆయన దగ్గర పళ్ళు కట్టించుకున్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని మరీ వచ్చారు. తీరా చూస్తే ఒక్కరి నోట్లోనూ పళ్ళు లేవు! రోజూ వాడితే అరిగిపోతాయని మా పల్నాటివాళ్ళు వాటిని పెట్టెలో దాచి, పెళ్ళిళ్ళకే తీసేవారు. బోసినోళ్ళతో ఆయన పనితనాన్ని తెగ పొగిడారు. ఎన్నేళ్ళయిందంటే మాత్రం చానా ఏళ్ళనేవారే. అధికారి కలం పక్కన పెట్టేశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడొచ్చింది మా వీధి చివర దోసకాయలమ్మే అవ్వ, పళ్ళు పెట్టుకునే. అధికారి మా ఆయన మీద ఫిర్యాదులు వినడానికి వచ్చాడని ఆమె అనుకుందట. కొంప మునిగిందనుకున్నాను.

"మా పెద్దోడి పెళ్ళికి కట్టించుకున్నానయ్యా. ఇయ్యాల్టికీ ఈ పక్క గీసుకుంటానే ఉంది. ఎప్పుడడిగినా రేపు రమ్మంటాడు" అంటూ సెట్టు ఊడదీసి బల్లమీద పెట్టింది.

పెద్దోడికి పిల్లలెందరని అధికారి అడిగాడు. ముగ్గురని, పెద్దపిల్ల రెండో తరగతి చదువుతోందని చెప్పింది. అధికారి వేళ్ళమీద ఏళ్ళు లెక్కేసుకుని, నవ్వుకుని మళ్ళీ కలం అందుకున్నాడు. నాకైతే అక్కడికక్కడే అవ్వ కాళ్ళకు మొక్కాలనిపించింది.

కొన్నాళ్ళకు రిజిస్టరయినట్టు కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని పటం కట్టించి గోడకు తగిలిస్తుంటే అవ్వ గుమ్మంలోకి వచ్చింది.

"నీ మీద చెప్పబట్టే గదరా సర్కారు కాయితమిచ్చింది. ఇప్పుడన్నా అరగదియ్యి."

ఆయన చేతిలో పటం నాకిచ్చేసి ఆకురాయి అందుకున్నారు. ఆ రోజు మాత్రం రేపు రమ్మనలేదు.