నైలాన్ చుట్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందు, మా రాజమండ్రి కంపెనీ నన్ను మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డున కడుతున్న ఒక ఆటల పార్కుకి సైట్ ఇంజినీరుగా పంపింది. అప్పటికి నాకు సర్వీసు ఇంకా మూడేళ్లుంది. ముప్పై ఏళ్లు వాటర్ ట్యాంకులూ, కాలవల మీద చిన్న వంతెనలూ కట్టినవాణ్ణి. జనం ఎక్కి ఊగడానికి గాల్లో అరుగులు కట్టడం ఏం ఇంజినీరింగ్ అని మొదట్లో చిన్నచూపే చూశాను. నెల తిరక్కుండానే ఆ పొగరు దిగింది. ట్యాంకులో నీళ్లెన్నో ముందే లెక్క కట్టొచ్చు. వంతెన మీదికి ఎంతమంది ఒక్కసారే వస్తారో, వచ్చి మధ్యలో నిలబడి ఏం చేస్తారో ఎవరూ చెప్పలేరు.

సరుగుడు తోపులో ఎనిమిది స్తంభాలు, వాటి మీద చెక్క అరుగులు, అరుగుకీ అరుగుకీ మధ్య వేలాడే వంతెనలు. ఒక్కో వంతెనకి కింద రెండు ఇనుప తీగమోకులు, వాటి మీద అడ్డంగా చెక్కలు, చేత్తో పట్టుకోవడానికి పైన మరో రెండు, పక్కల వల. మోకు కొసని స్తంభానికున్న కొక్కెం చుట్టూ తిప్పి, వెనక్కి మడిచి, మూడు క్లాంపులతో బిగిస్తాం. వంతెన ప్రాణమంతా ఆ మడతలోనే ఉంటుంది. చీర కట్టుకున్న అమ్మమ్మ కూడా మనవలతో ఎక్కాలి, నడుముకి బెల్టులూ గిల్టులూ వద్దని పార్కు యజమాని పట్టుబట్టాడు. అందుకని కుటుంబాల కోసం కట్టిన భాగాన్ని తొమ్మిదడుగుల ఎత్తుకి దించాం. తొమ్మిదడుగులంటే తక్కువే అనిపిస్తుంది, పడనంతవరకూ.

మోకు పని చేసినవాడు ఏడుకొండలు. దగ్గర్లోని మత్స్యకారుల ఊరివాడు, నాకంటే రెండు మూడేళ్లు చిన్న. బోట్ల మీద వలలు లాగే ఇనుప మోకులు కట్టి కట్టి చేతులు కాయలు కాచినవాడు. మా డ్రాయింగ్‌లో లేని పని ఒకటి అతను చేశాడు. కోసిన మోకు చివర సన్న తీగలు సూదుల్లా పొడుచుకొస్తాయి. పిల్లల చేతులు గీరుకుంటాయని, బోట్ల మీద అలవాటు ప్రకారం, క్లాంపులతో సహా మడతంతా నైలాన్ దారంతో బిర్రుగా చుట్టేశాడు. చూడముచ్చటగా ఉంది. యజమానికి నచ్చింది. నాకూ నచ్చింది.

అప్పగింతకి ముందు నియమం ఏమిటంటే, ఇసుక బస్తాలు ఒక రోజంతా వంతెన మీద ఉంచి బరువు పరీక్ష చెయ్యాలి. ఆ తర్వాత ప్రతి క్లాంపు నట్టునీ స్పానరుతో తిప్పి చూసి, పచ్చరంగు చుక్క పెట్టి, చెక్‌లిస్టులో ఇంజినీరు సంతకం చెయ్యాలి. బస్తాల పరీక్ష నెగ్గింది. నట్లేమో దారం కింద ఉన్నాయి. మర్నాడే ప్రారంభోత్సవం.

"ఇప్పెయ్యమంటారా అండీ?" అని అడిగాడు ఏడుకొండలు. "మళ్లీ చుట్టాలంటే రెండ్రోజులు పడద్దండి."

అక్కర్లేదన్నాను. చుట్టకముందు సగం కొసలు చూసినవాణ్ణే. మిగతావీ అలాగే ఉంటాయనుకున్నాను.

అతను ఊరుకోలేదు. "మా బోట్లకైతే ఏటా వేటాపినప్పుడు ఇప్పి సూత్తామండి. ఉప్పు గాలి కదండీ, లోపల్లోపల తినేత్తాది. బాగోపోతే కోసి పారేసి కొత్తది ఏత్తాం."

వేసవిలో సర్కారు వేట నిషేధించే రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వాళ్ల మరమ్మతులన్నీ అప్పుడే. అతను చెప్పింది నాకు అర్థమైంది. సరేలే, చూద్దామన్నాను. చెక్‌లిస్టు మీద సంతకం చేశాను. పార్కు సిబ్బందికి ఇచ్చే నిర్వహణ పుస్తకంలో మూడు నెలలకోసారి నట్లు బిగించాలని రాశాను గాని, చుట్టు విప్పాలని రాయలేదు. రాస్తే డ్రాయింగ్‌లో లేని చుట్టు ఉన్నట్టు హెడ్డాఫీసుకి తెలుస్తుంది, ముందది విప్పి చూపించమంటారు. మరిచిపోయి రాయకపోవడం కాదు. తెలిసే రాయలేదు.

రెండు వర్షాకాలాలు గడిచాయి. పార్కు సిబ్బంది మూడు నెలలకోసారి ఆ చక్కటి చుట్టుని పైపైన తడిమి, పుస్తకంలో టిక్కు పెట్టారు. ఆ తర్వాతి వేసవి సెలవుల్లో ఒక చర్చి నుంచి కుటుంబాలు విహారానికి వచ్చాయి. నలుగురు వంతెన మధ్యలో ఫొటో కోసం నిలబడగా కింది మోకు కొస ఊడింది. చెక్కలు పక్కకి ఒరిగిపోయి, నలుగురూ వల కిందనుంచి జారిపడ్డారు. ముగ్గురు దెబ్బలతో బయటపడ్డారు. సువార్తమ్మ గారనే స్కూలు టీచరుకి వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది.

మర్నాడు పోలీసుల ముందు ఆ చుట్టు నేనే విప్పాను. దారం కొత్తదానిలా ఉంది. లోపల మోకు తడి ఇటుక పొడిలా చేతికి రాలింది.

ప్రాథమిక నివేదిక కంపెనీ నన్నే రాయమంది. డ్రాయింగ్‌లో చుట్టు లేదని, దాన్ని సైటులో మోకు పనివాడు వేశాడని, అది ఉప్పు తేమని పట్టి ఉంచడంతో మోకు తుప్పు పట్టిందని, సిబ్బంది తనిఖీల్లో అది బయటపడలేదని రాశాను. ఆ కాగితం చూసి పోలీసులు ఏడుకొండల్ని తీసుకెళ్లారు. రిమాండ్ పడింది.

వారం తర్వాత అతని భార్య మహాలక్ష్మి రాజమండ్రి ఆఫీసుకి వచ్చింది. "ఇప్పెయ్యమంటారా అని అడిగాడంట కదండీ మిమ్మల్ని. మీరు వద్దన్నారంట. ఆ ముక్క కాయితంలో లేదంటండి," అంది. ఏడవలేదు, కేకలెయ్యలేదు. ఆ ముక్క రాయించుకుని పోదామనే వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. లాయరుతో మాట్లాడతానని చెప్పి పంపేశాను. సిగ్గుపడాల్సింది ఆ రోజే. భయపడ్డాను.

ఇంకో పది రోజులకి సువార్తమ్మ గారిని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆవిడ తిడతారనుకున్నాను. "ఆ తాడు కట్టినాయన్ని పట్టుకెళ్లారంట కదండీ," అన్నారు. "ఆయన తెలిసే చేశాడంటారా?"

"లేదండి, ఏటా విప్పి చూడాలని అతను ముందే... చెప్పాడు," అన్నాను. నోరు జారిందో, జారనిచ్చానో నాకే తెలియదు.

"ఎవరికి చెప్పాడండీ?"

"నాకేనండి."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకున్నారు. నర్సు వచ్చి టైమైపోయిందనేదాకా నిలబడే ఉన్నాను.

మర్నాడు రెండో నివేదిక రాసి, కంపెనీకి చూపించకుండా స్టేషన్లో ఇచ్చాను. విప్పనా అని అతను అడిగిన సంగతి, నేను వద్దన్న సంగతి, ఏటా విప్పాలని చెప్పినా పుస్తకంలో రాయని సంగతి, చూడని నట్లకి సంతకం పెట్టిన సంగతి. కేసులో నా పేరు చేరింది. కంపెనీ నన్ను గడువుకి ముందే రిటైరవమంది. కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాలకి వెళుతున్నాను.

ఏడుకొండలికి బెయిలు వచ్చేసరికి పంతొమ్మిది రోజులయింది. వేట మొదలైపోయింది, అతను పనిచేసే బోటు ఇంకొకణ్ణి ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను వెళ్లినప్పుడు ఇంట్లోంచి బయటికొచ్చి, "మా ఇంటికి రాకండి ఇంజినీరు గారూ," అని మర్యాదగానే చెప్పాడు.

నా మొదటి నివేదిక నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో కొట్టెయ్యాల్సిన వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే. ఒక మనిషిని జైల్లో పెట్టడానికి అబద్ధం అక్కర్లేదని ఆ ఉద్యోగంలో ఆఖరుగా నేర్చుకున్నాను.